పీటర్ గారి చీటీలు

డేవిడ్‌సన్ నిపిగాన్ అనే ఊరి దగ్గర మంచులో ట్రక్కును బోర్లా పడేశాడట. అందుకే యజమాని రామమోహనరావు వాణ్ణి పనిలోంచి తగిలేశాడట. పడేసే ముందు గంటల తరబడి ఫోన్లో ఎవరో పిల్లతో మాట్లాడుతూనే ఉన్నాడట. ఈ మూడు సంగతుల్లో ఏ ఒక్కటీ పక్కింటి అన్నపూర్ణ కళ్ళతో చూసింది కాదు. ఇండియన్ కొట్లో కరివేపాకు ఏరుకుంటూ, వెనకాల ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. విన్నదానికి ఇంత తాలింపు వేసి, పారతో వాకిట్లో మంచు తీస్తున్న స్వర్ణకుమారికి వడ్డించింది. స్వర్ణకుమారి ఇంట్లోకొచ్చి, బూట్లయినా విప్పకుండా, ఆ మాటలు మొగుడి ముందు పెట్టింది.

"ట్రక్కు ఎక్కడా పడలేదు. వాణ్ణి ఎవరూ తగిలెయ్యలేదు. వాడే మానేశాడు" అన్నాడు పీటర్.

"ఆ మాట అన్నపూర్ణకి చెప్పొచ్చుగా? కుర్రోడి పేరు ఊరందరి నోళ్ళలో నానుతోంది."

"అదొక్కటీ చెబితే సరిపోదు స్వర్ణా. మిగతాదీ చెప్పాలి."

స్వర్ణకుమారి బూట్లు విప్పుకుని వంటింట్లోకి పోయింది. మిగతాది ఏమిటో ఆమెకూ తెలుసునన్న సంగతి పీటర్‌కి అప్పటికి తెలియదు.

కైకలూరు వైపు ఒక మిషన్ హైస్కూల్లో పదహారేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి పీటర్. కెనడాలోని విన్నిపెగ్ వచ్చాక ఆసుపత్రి స్టోర్సులో చేతి తొడుగుల పెట్టెలూ కట్టు గుడ్డల పెట్టెలూ లెక్కపెట్టే పనిలో కుదురుకున్నాడు. మాస్టారి కుర్చీ పోయిందే గానీ మాస్టారితనం పోలేదు. శనివారం సాయంత్రాలు ఆయన ఇంట్లో ప్రార్థన. నర్సాపురం నుంచి, తెనాలి నుంచి, ఖమ్మం నుంచి చదువుకోవడానికొచ్చిన పిల్లలు కార్పెట్ మీద ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు కూర్చునేవాళ్ళు. కీర్తనలయ్యాక స్వర్ణకుమారి చేపల పులుసు. పులుసయ్యాక కాగితాలు. అద్దె అగ్రిమెంట్లు, కాలేజీ ఉత్తరాలు, పార్ట్‌టైమ్ ఉద్యోగాల కాగితాలు అన్నీ ఆయన ముందుకొచ్చేవి. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, ప్రతి లైను కిందా గీస్తూ చదివేవాడు. ఒకసారి ఒక అద్దె కాగితంలో పదకొండో పేరాలో దాక్కున్న మెలికను పట్టుకుని ఇద్దరాడపిల్లల్ని గట్టెక్కించాడు. అప్పటినుంచి "అంకుల్ పెన్సిల్ పడితే ఇంక భయంలేదు" అనే మాట పిల్లల్లో పాకిపోయింది. పిల్లలు దేవుణ్ణి ఎంత నమ్మారో ఆయనకి తెలియదు గానీ, పెన్సిల్‌ని మాత్రం గట్టిగా నమ్మారు.

అలా నమ్మినవాళ్ళలో డేవిడ్‌సన్ ఒకడు. నర్సాపురం కుర్రాడు. పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. మాట మెత్తన. కరోనాకి నెల ముందు వచ్చి, రెండేళ్ళ డిప్లమా బేస్‌మెంటులో మంచం మీద కూర్చునే పూర్తిచేశాడు. చదువు తర్వాత మూడేళ్ళ వర్క్ పర్మిట్ వచ్చింది. అందులో ఏడాదిన్నర ఏజెన్సీ పంపిన చోటల్లా గిడ్డంగుల్లో పెట్టెలు మోస్తూ గడిపేశాడు. ఏజెన్సీ పని వారానికి మూడ్రోజులుంటే నాలుగోరోజు ఉండదు. అది ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర పైసాకి చెల్లదు. చెల్లాలంటే ఒకే కంపెనీలో ఆరునెలలు ఫుల్‌టైమ్ జీతగాడిగా చేయాలి, ఆ కంపెనీ "వీడు మావాడు, మాకు కావాలి" అని ఉత్తరం ఇవ్వాలి. అప్పుడు అక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి, అంటే ప్రావిన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, ఈ దేశంలో ఉండిపోవచ్చు. ఆ ఆరునెలల కోసమే వాడు పెద్ద ట్రక్కు లైసెన్సుకి దిగాడు. మొదటిసారి ట్రెయిలర్ వెనక్కి పెట్టబోయి తప్పాడు, రెండోసారి గెలిచాడు.

లైసెన్స్ వచ్చినంత మాత్రాన స్టీరింగ్ చేతికి రాదు. కొత్త డ్రైవరంటే కంపెనీలు పెళ్ళిచూపుల్లో పెదవి విరిచినట్టు విరుస్తాయి. "రెండేళ్ళ అనుభవం ఉందా?" అంటారు. ఎక్కించుకుంటే గదా అనుభవం! నలభై చోట్ల అప్లై చేస్తే రెండు చోట్ల నుంచి జవాబొచ్చింది. ఒకటి పెద్ద కంపెనీ. దాని ట్రక్కులు నీలం రంగు, ఊళ్ళో ఎటు చూసినా కనిపిస్తాయి. రెండోది కొల్లేరు క్యారియర్స్. తొమ్మిది ట్రక్కులు, ఊరి చివర ఒక యార్డు, యజమాని రామమోహనరావు.

2023 ఆగస్టులో ఒక శనివారం, ప్రార్థనకొచ్చిన పిల్లలంతా వెళ్ళిపోయాక, డేవిడ్‌సన్ రెండు కవర్లు తెచ్చి పీటర్ ముందు పెట్టాడు. బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంది.

"నీలం ట్రక్కులవాళ్ళు ఆరువారాలు ట్రైనర్ పక్కన కూర్చోబెడతారంటండి. మైలుకి ఇచ్చేది తక్కువే. రామమోహనరావు గారైతే వెంటనే ట్రక్కు ఇచ్చేస్తానన్నారు. నాకైతే నీలం వాళ్ళ దగ్గరికెళ్ళాలనుందంకుల్. కానీ మీరు రెండూ చదివి చెప్పండి. మీరు ఏదంటే అది."

పీటర్ నీలం కంపెనీ కాగితాలు పద్నాలుగు పేజీలూ చదివాడు. మొదటి రోజునుంచీ ఉద్యోగి, నెలకి రెండుసార్లు జీతం, సెలవులు, ఇన్సూరెన్సు, అన్నీ ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తర్వాత కొల్లేరు కాగితాలు తీశాడు. అవి నాలుగే పేజీలు. రెండో పేజీలో 'ఇండిపెండెంట్ కాంట్రాక్టర్' అనే మాట కంటికి తగిలింది. డ్రైవరు తన పేరున ఒక కంపెనీ పెట్టుకోవాలి, కొల్లేరువాళ్ళు ఆ కంపెనీకి చెల్లిస్తారు, అతను వాళ్ళ ఉద్యోగి కాడు అని ఉంది. పెన్సిల్ ఆ మాట మీద ఆగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. రామమోహనరావుదీ పీటర్‌దీ పక్కపక్క ఊళ్ళు. రామమోహనరావు తండ్రికి అరవై ఎకరాలు. ఆ అరవై ఎకరాల్లో పీటర్ తండ్రి పాలేరు. ఆ ఇంటి అరుగు కిందే నిలబడి అన్నం పెట్టించుకున్న రోజులు పీటర్‌కి గుర్తున్నాయి. అలాంటిది విన్నిపెగ్‌లో మొదటిసారి కలిసినప్పుడు రామమోహనరావు చేయి చాపి "నమస్తే పీటర్ గారూ" అన్నాడు. పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అంతకుముందు క్రిస్మస్‌కి తన యార్డులోని షెడ్డు ఉత్తినే ఇచ్చి, బంతిలో పీటర్ పక్కనే కూర్చుని బిరియానీ తిన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చాక పీటర్‌కి చాలాసేపు నిద్రపట్టలేదు. బతికుండగా నాన్న ఇది చూసి ఉంటే అనుకున్నాడు.

ఆ రామమోహనరావు అంతకు రెండ్రోజుల ముందు గురువారం నాడు ఫోన్ చేశాడు. "పీటర్ గారూ, మీ ప్రార్థన కుర్రాడెవరో లైసెన్స్ తీశాడట కదండీ. మన దగ్గరికి పంపండి. మీ మాటంటే పిల్లలకి వేదం. నేను చూసుకుంటానుగా!"

"తప్పకుండానండీ" అనేశాడు పీటర్. అన్నాక ఇంక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. కాదంటే ఆ 'గారు' ఎక్కడ ఊడిపోతుందోనని భయం. ఆ భయాన్ని ఆయన భయమనుకోలేదు, మాట మీద నిలబడటం అనుకున్నాడు.

ఆగిన పెన్సిల్ మళ్ళీ కదిలింది. ఆ మాట దాటి పోయింది. మూడో పేజీ, నాలుగో పేజీ చదవనేలేదు.

"కాగితాలదేముందయ్యా, మనుషులు రాసుకున్నవి" అన్నాడు కళ్ళజోడు తీసి. "దేవుడి ముందు పెడదాం. చీట్లు వేద్దాం. బైబిల్లో అపొస్తలులే చీట్లు వేసి మనిషిని ఎంచుకున్నారు."

కూతురు అబిగేల్ మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పదహారేళ్ళ పిల్ల. తలెత్తకుండానే "డాడ్, ఇట్స్ ఎ జాబ్, నాట్ ఎ లాటరీ" అంది.

"నువ్వు పైకి పో" అన్నాడు పీటర్.

ఆయన రెండు చీటీలు చింపి వంటింటి గట్టు మీద పెట్టి రాశాడు. ఒకదాని మీద కొల్లేరు అని రాశాడు. రెండోదాని మీద రాయబోతూ ఒక్క క్షణం ఆగి, దాని మీదా కొల్లేరు అనే రాశాడు. కుర్రాడికి మంచే చేస్తున్నాననుకున్నాడు. మనవాడి దగ్గరుంటే ఒక కన్నేసి ఉంచుతాడు, పరాయి కంపెనీలో వీడి కష్టం ఎవడు చూస్తాడు అనుకున్నాడు. ఇలాంటి మాటలు మనసుకి సమయానికి భలే అందుతాయి.

ప్రార్థన చేశాడు. చాలాసేపే చేశాడు. డేవిడ్‌సన్ కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, ఒక చీటీ తీశాడు. విప్పి చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"సరేనంకుల్" అన్నాడు. "దేవుడి చిత్తం."

రెండో చీటీ పీటర్ చొక్కా జేబులోకి పోయింది.

మరుసటి శనివారం డేవిడ్‌సన్ ముప్పైమంది ముందు లేచి సాక్ష్యం చెప్పాడు. రెండు దార్లు ఎదురైతే దేవుడు చీటీతో దారి చూపించాడని చెప్పాడు. అందరూ స్తోత్రమన్నారు. ఎవరో వీడియో తీశారు. బుధవారం నాడు నీలం కంపెనీవాళ్ళు వాడికి ఫోన్ చేశారు, సోమవారమే వచ్చేయమన్నారు. వాడు పీటర్‌కి ఫోన్ చేశాడు.

"అంకుల్, కొల్లేరు వాళ్ళకి ఇంకా సంతకం పెట్టలేదండి. ఇప్పుడైనా అటు వెళ్ళొచ్చా?"

అప్పుడు ఒక్కమాట చాలు. వెళ్ళు బాబూ అంటే అయిపోయేది. పీటర్ ఆసుపత్రి స్టోర్సులో పెట్టెల మధ్య నిలబడి, "అందరి ముందూ సాక్ష్యం చెప్పావు కదయ్యా, ఇప్పుడు మాట మారిస్తే ఎట్టా?" అన్నాడు.  "సరేనండి" అన్నాడు వాడు.

పద్నాలుగు నెలలు తోలాడు. విన్నిపెగ్ నుంచి టొరంటో, టొరంటో నుంచి విన్నిపెగ్. మొదటి చలికాలం పక్కన నేర్పేవాడు లేడు. సుపీరియర్ సరస్సు ఒడ్డున కొండ దిగుతూ ట్రెయిలర్ పక్కకి జారితే ఏంచేయాలో జారుతూనే నేర్చుకున్నాడు. ట్రక్కు మీద ఒక్క గీత కూడా పడనీయలేదు. శనివారం ఊళ్ళో ఉంటే ప్రార్థనకి వచ్చేవాడు. కళ్ళకింద నల్లచారలతో, పులుసు తింటూనే కునికేవాడు. "మీ కుర్రాడు బంగారం పీటర్ గారూ" అనేవాడు రామమోహనరావు. పీటర్ పొంగిపోయేవాడు.

2024 అక్టోబరులో, పర్మిట్ ఇంకా నాలుగు నెలలుందనగా, డేవిడ్‌సన్ అప్లై చేయడానికి లాయర్ దగ్గరికెళ్ళాడు. ఆవిడ జీతం కాగితాలు అడిగింది. వాడు తన పేరున్న కంపెనీకి వచ్చిన చెక్కులు చూపించాడు. ఆవిడ ఫైలు మూసి, నీకు నువ్వే యజమానివి, ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఉద్యోగం కింద లెక్కకి రాదు, అని చెప్పింది. ఇప్పుడు కొత్తగా చేరినా పర్మిట్ లోపల ఆరునెలలు పూర్తికావు. నీలం కంపెనీకి ఫోన్ చేశాడు. సరుకు తగ్గింది, కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశామన్నారు. వాడు కొల్లేరులో పని మానేశాడు.

ఈ సంగతి పీటర్‌కి డేవిడ్‌సన్ చెప్పలేదు. వాడితో ఒకే బేస్‌మెంటులో ఉండే సాయి తేజ చెప్పాడు. పీటర్ ఆ మర్నాడే సెలవు పెట్టి కొల్లేరు యార్డుకి వెళ్ళాడు.

"రండి రండి పీటర్ గారూ" అన్నాడు రామమోహనరావు. కాఫీ తెప్పించాడు.

"ఆ కుర్రాడికి ఒక ఉత్తరం కావాలండీ. మీ దగ్గర జీతగాడిగా చేశాడని."

"ఎట్టా ఇస్తానండీ? అతని కంపెనీ అతనిది, నా కంపెనీ నాది. సంతకం పెట్టాడుగా. మీరు చదివే పంపారుగా?"

 "చదివినా చదవకపోయినా, వాడికి ఆ ఆరునెలలెంత ముఖ్యమో మీకు తెలుసు కదండీ. ముందే చెప్పాల్సింది మీరు. మీరు ఇట్టా తోలించుకున్నది వీడొక్కణ్ణే కాదట. అధికారులకి చెబితే..."

రామమోహనరావు కాఫీ కప్పు పక్కన పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. నవ్వుతూనే, ఊళ్ళో పిలిచే పేరుతో అన్నాడు.

"చూడు పేతురూ. మీ నాన్న మా చేలో ముప్పయ్యేళ్ళు చేశాడు. ఏనాడైనా మా నాన్నని కాగితం అడిగాడా?"

పీటర్ లేచి బయటికొచ్చాడు. యార్డులో తొమ్మిది ట్రక్కులు వరసగా ఉన్నాయి. ఏ 'గారు' నిలుపుకోవడానికి ఆ కుర్రాణ్ణి ఇందులోకి తోశాడో అది ఊడటానికి ఒక కాఫీ తాగేంతసేపు కూడా పట్టలేదు. కారులో కూర్చున్నాడు. తండ్రి కాగితం అడగలేదు, నిజమే. తండ్రికి చదువు రాదు. తనకొచ్చు.

అన్నపూర్ణ మాటలు ఇంటికొచ్చిన మరుసటి ఆదివారం మధ్యాహ్నం, భార్యాభర్తలు డేవిడ్‌సన్ ఉండే బేస్‌మెంటుకి బయల్దేరారు. స్వర్ణకుమారి ఒళ్ళో గోంగూర పప్పు డబ్బా.

"వాడికి చీటీల సంగతి చెబుతాను" అన్నాడు పీటర్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "నీకూ చెప్పాలి. ఆ రోజు..."

"రెండిట్లోనూ ఒకే పేరు" అంది స్వర్ణకుమారి. "మర్నాడు మీ చొక్కా మెషిన్లో వేస్తుంటే జేబులో దొరికింది."

పీటర్ కారు నెమ్మది చేశాడు. "పద్నాలుగు నెలల్నుంచీ తెలుసా? మరి అడగలేదే?"

"అడిగితే మీరు ఏదో ఒకటి అల్లి చెప్పేవోళ్ళు. పిల్ల వింటదని ఊరుకున్నా." పప్పు డబ్బా మూత నొక్కి, "ఊరుకోకుండా ఉండాల్సింది" అంది.

బేస్‌మెంటు తలుపు సాయి తేజ తీశాడు. "రాండ్రి అంకుల్, రాండ్రి ఆంటీ. పప్పు తెచ్చిన్రా? మా డేవిడన్న పోతుండని నాకు గీ దావతులు ఎక్కువైనయ్" అన్నాడు నవ్వుతూ. వాళ్ళ ముఖాలు చూసి నవ్వు తగ్గించుకుని చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గరికి పోయాడు.

నేల మీద రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. డేవిడ్‌సన్ చలికోట్లు మడిచి సంచిలో కుక్కుతున్నాడు.

"ఇవి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇచ్చెయ్యండాంటీ. నర్సాపురంలో వీటితో పనేముందండి" అన్నాడు.

"ఎప్పుడయ్యా ప్రయాణం?" అంది స్వర్ణకుమారి.

"పన్నెండో తారీకండి. పర్మిట్ ఫిబ్రవరి దాకా ఉంది గానీ, ఉండి ఏంచేస్తాను?"

పీటర్ కూర్చోలేదు. కోటు బొత్తాలు కూడా విప్పలేదు. మాస్టారిగా వేల మాటలు మాట్లాడిన నోరు ఒక వాక్యం కూడబలుక్కోవడానికి నానా అవస్థా పడింది.

"డేవిడ్‌సన్, ఆ రోజు చీటీలు... నేను రెండిటి మీదా కొల్లేరనే రాశాను."

డేవిడ్‌సన్ చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. "నీలం వాళ్ళ పేరు రాయనేలేదా?"

"లేదు."

"ఎందుకంకుల్?"

"రామమోహనరావుకి మాటిచ్చాను. ఆయన నన్ను గారు అని పిలిచేవాడు." చెప్పాక ఆ కారణం ఎంత చిన్నదో ఆ గదిలో అందరికీ వినబడింది. "కాగితంలో ఆ మాట కూడా చూశాను. నువ్వు ఉద్యోగివి కావన్న మాట. చూసి దాటేశాను."

సాయి తేజ పొయ్యి కట్టేశాడు. డేవిడ్‌సన్ కోటును మళ్ళీ మొదటినుంచి మడవడం మొదలుపెట్టాడు. చేతులు ముందు మడిచి, పైన మిగతాది మడిచి, ఆ పైన అరచేత్తో నొక్కాడు.

"మా అమ్మ ఆ సాక్ష్యం వీడియో ఇప్పటికీ చూస్తదండి" అన్నాడు. "కొండ మీద ట్రెయిలర్ జారినప్పుడు నేను ఒకటే అనుకునేవాణ్ణి. ఇది దేవుడిచ్చింది, ఏంకాదు అని."

స్వర్ణకుమారి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె కంట్లో నీళ్ళు చూడగానే పీటర్‌కి ఉన్న కాస్త నిబ్బరమూ పోయింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"తప్పు నాది బాబూ. శనివారం అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆ లాయరమ్మతో నేను మాట్లాడతాను. అధికారులతో మాట్లాడతాను, కావాలంటే రామమోహనరావుతో మళ్ళీ మాట్లాడతాను. నువ్వెళ్ళేదాకా నేనూ ఆంటీ ఉపవాసముండి నీకోసం ప్రార్థన..."

డేవిడ్‌సన్ సంచి జిప్పు లాగి, లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"వద్దంకుల్. నా గురించి ఇంక మీరు ఎవరితోనూ మాట్లాడొద్దు. దేవుడితో కూడా."